మా అన్న చెప్పిన జపాను కంపెనీ కథ

మాది కడప జిల్లా అని చెప్పగానే బయటి ఊళ్లవాళ్లు ముందుగా అడిగేది బాంబుల గురించే. అడిగేటప్పుడు వాళ్ల ముఖాల్లో ఒక ఉత్సాహం కనిపిస్తుంది. ఎవరో మీసం మెలేసి తొడగొడితే చూడాలని ఉన్నట్టుంటుంది. ఆ ఉత్సాహం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నేను చూసిన ఫ్యాక్షన్‌లో మీసాలూ లేవు, పౌరుషమూ లేదు. ప్రొద్దుటూరులో, పట్టపగలు, ఒక వీడియో గేముల కొట్టులో, ఎవరికీ ఏ అపకారమూ చేయని ఒక మనిషి చేతిని ఇనుప షట్టరు కింద పెట్టి నలిపేశారు. ఆ మనిషి మా అన్న.

మా నాన్న మిషన్ స్కూల్లో ఇంగ్లీషు టీచరు. మా తాతల కాలం నాడే క్రైస్తవులమైన కుటుంబం. సాయంత్రం ప్రార్థన, ఆదివారం గుడి, ఎవరితోనూ గొడవ పెట్టుకోకుండా బతకడం, ఇదే మా ఇంటి పద్ధతి. అన్నకు చదువు అబ్బలేదు. ఇంటర్ తప్పి బెంగళూరు వెళ్లి టీవీ రిపేరు నేర్చుకున్నాడు. అక్కడ ఒక వీడియో గేముల కొట్టులో మిషన్లు బాగుచేసే పనిలో కుదిరాడు. కొన్నేళ్లకు ఆ ఓనరు కొట్టు ఎత్తేస్తూ, పాడైపోయిన ఒక పాత మిషన్‌ను నువ్వే తీసుకుపో అని అన్నకు వదిలేశాడు. దాన్ని ప్రొద్దుటూరు దాకా తెచ్చింది అన్న స్నేహితుడు. చాపాడు దగ్గర పల్లెలో గొర్లు మేపుకునే కుటుంబం వాళ్లది. ఆయన మాత్రం టెంపో కొనుక్కుని బాడుగలకు తిప్పేవాడు. అన్నా ఆయనా ఒకరినొకరు మామా అనుకునేవాళ్లు.

మిషన్ బీరువా అంత ఉండేది. ముందు వైపు టీవీ తెర, దాని కింద ఇద్దరు పక్కపక్కన నిలబడి ఆడడానికి రెండు కర్రలు, గుండీలు. నాణెం వేస్తే ఆట మొదలయ్యేది. వెనక రేకు మీద జపాను అక్షరాలు. బట్టల కొట్ల వీధిలో చిన్న గది బాడుగకు తీసుకుని, కింద నాపరాయి పరిచి, మిషన్‌ను బాగుచేసి దాని మీద నిలబెట్టాడు. నెల తిరక్కుండానే గది పట్టనంత మంది వచ్చేవాళ్లు. కాలేజీ కుర్రాళ్లు, మగ్గాల మీద పనిచేసేవాళ్లు, జమ్మలమడుగు నుంచి సరుకు కొనడానికి వచ్చి బస్సు కోసం కాచుకున్న వ్యాపారులు కూడా. నేనప్పుడు డిగ్రీ చదువుతున్నాను. మధ్యాహ్నం అన్నకు క్యారియర్ ఇచ్చే వంకతో వెళ్లి, జనం పలచగా ఉన్నప్పుడు నేనూ ఆడేదాన్ని. ఆడపిల్ల వీడియో గేము ఆడడమేంటి అని వీధిలో ఒకరిద్దరు మూతి తిప్పారు. అన్న పట్టించుకోలేదు.

కరెంటు పోతే ఎవరూ వెళ్లిపోయేవాళ్లు కాదు. అన్న ఆ మిషన్ చేసిన కంపెనీ కథ చెప్పేవాడు. బెంగళూరు ఓనరు చెప్పింది కొంత, ఫుట్‌పాత్ మీద కొన్న పాత ఇంగ్లీషు పత్రికల్లోది కొంత. అన్నకు ఇంగ్లీషు అంతంతమాత్రం. అందుకని ఆ పత్రికలు ఇంటికి తెచ్చి నాన్న ముందు పెట్టేవాడు. నాన్న కళ్లజోడు పెట్టుకుని, పాఠం చెప్పినట్టే ఒక్కో వాక్యం చదివి తెలుగులో చెప్పేవాడు. వాళ్లిద్దరూ అంత దగ్గరగా కూర్చుని మాట్లాడుకోవడం అంతకుముందు నేను చూడలేదు.

కథ ఇది. యుద్ధంలో చితికిపోయిన జపానులో ఆ కంపెనీ మొదట నాణెం వేస్తే పనిచేసే చిన్న చిన్న మిషన్లతో మొదలైంది. తర్వాత తెర మీద ఆడే ఆటలకు వచ్చింది. మా అన్న దగ్గరున్నదాని లాంటి పెద్ద మిషన్లతో పేరు తెచ్చుకుంది. ఆ తర్వాత ఇంట్లో టీవీకి తగిలించుకునే ఆటపెట్టె చేసింది. కానీ అప్పటికే ఇంకో జపాను కంపెనీ ఇళ్లన్నీ ఆక్రమించేసుకుని ఉంది. అక్కడ మొదలైంది పగ. వాడొక ఆట తెస్తే వీడొక ఆట. వాడి పెట్టె కన్నా మా పెట్టె వేగం అని వీడి ప్రకటన. ఇది అన్న నోట మా వైపు పగల కథలాగే వినిపించేది.

"ఇద్దరూ పగోళ్లేనప్పా," అనేవాడు. "అమెరికా పొయ్యి మరీ కొట్లాడినారు. టీవీల్లో పేరు పెట్టి ఎక్కిరించుకున్యారు. ఒగని గిరాకీలను ఇంగొగడు లాక్కున్యాడు. ఇన్నేండ్లల్లో ఒక్కనికన్నా వేలు తెగిందా?"

అందరూ నవ్వేవాళ్లు. ఆ నవ్విన వాళ్లలో సగం మంది ఇళ్లల్లో ఎవరో ఒకరు కేసుల్లో ఉన్నవాళ్లే. జపాను వాళ్ల పగ వాళ్లకు భలే నచ్చేది. మళ్లీ మళ్లీ చెప్పించుకునేవాళ్లు.

అప్పుడే ఎన్నికలు వచ్చాయి.

మా చుట్టుపక్కల ఇద్దరు నాయకులు ఉండేవాళ్లు. పెన్న ఏటికి ఇవతల ఒకాయన, అవతల ఒకాయన. చెరొక పార్టీ. పార్టీలు రాకముందు నుంచే వాళ్లకు పగ, పార్టీలు వచ్చాక దానికి జెండాలు వచ్చాయి, అంతే. వాళ్ల మూలంగా చచ్చిపోయిన వాళ్లలో వాళ్ల సొంతవాళ్లు తక్కువ. జీపు వెనక సీటులో కూర్చున్న జీతగాళ్లు, పొలం నీళ్లు కట్టడానికి వెళ్లిన వాళ్లు, తప్పు బస్సు ఎక్కినవాళ్లు ఎక్కువ. ఆ చచ్చిపోయినవాళ్ల పెళ్లాలను నేను గుడిలో చూశాను, మా నాన్న స్కూల్లో వాళ్ల పిల్లలను చూశాను. పెద్దమనుషుల పిల్లలు మాత్రం హైదరాబాదులో చదువుకునేవాళ్లు.

అన్న మిషన్‌లోని ఆట ఇద్దరు కొట్టుకునే ఆట. ఎవరో కుర్రాళ్లు తమాషాకు ఒక బొమ్మకు ఇవతలాయన పేరు, ఇంకో బొమ్మకు అవతలాయన పేరు పెట్టారు. అంతే, ఊరంతా పాకింది. ఆ పేర్లతో ఆడడానికే జనం వచ్చేవాళ్లు. పడిపోయిన బొమ్మ పేరు పెట్టి వీధి దాకా వినిపించేలా కేకలు. అన్నకు భయం పట్టుకుంది. పేర్లు పెట్టి ఆడితే మిషన్ ఆపేస్తానని అందరికీ చెప్పాడు. అట్టముక్క మీద రాసి గోడకు తగిలించాడు. తను ఉన్నప్పుడు మానేసేవాళ్లు, టీకి వెళ్లగానే మళ్లీ మొదలు.

ఒకరోజు ఇవతలాయన డ్రైవరు ఆ దారిన పోతూ లోపలి కేకలు విన్నాడు. ఆ ఆటలో పడిపోయింది ఇవతలాయన బొమ్మే.

మరుసటి వారం నేను క్యారియర్ తీసుకుని వెళ్లేసరికి కొట్టు ముందు ఇవతలాయన జీపు ఆగి ఉంది. లోపల అన్న, అతని చుట్టూ కొందరు మనుషులు. ఆడుకుంటున్న వాళ్లను అప్పటికే బయటికి పంపేశారు. వాళ్లలో పెద్దవాడు గొంతు పెంచకుండానే మాట్లాడుతున్నాడు.

"మా అన్నను దినామూ ఈడ తంతాండారంట గదా. యాడ, చూపియ్యి."

అన్న గోడ మీద అట్టముక్క చూపించాడు. తను పేర్లు పెట్టలేదని, వద్దని చెప్తూనే ఉన్నానని అన్నాడు. ఆ పెద్దవాడు అంతా విని, జేబులోంచి ఒక నాణెం తీసి అన్న చేతిలో పెట్టాడు.

"ఆడు. మా అన్నను గెలిపియ్యి, చూస్తాం."

అన్న ఆడాడు. నేను గుమ్మంలో నిలబడి చూశాను. అతని మెడ మీద చెమట కారుతోంది. ఎన్నో వందలసార్లు ఆడిన ఆట, గుండీలు తప్పుగా నొక్కి మొదటి రౌండు ఓడిపోయాడు. వెనక ఎవరో నవ్వారు. తర్వాత రెండూ గెలిచాడు. గెలిచి, కర్ర వదిలి, వెనక్కి తిరిగాడు.

"గెలిపిచ్చినా గదప్పా," అన్నాడు.

ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నా పళ్లు బిగుసుకుంటాయి. చిన్నపిల్లవాడు టీచరుకు లెక్క చేసి చూపించినట్టు అన్నాడు ఆ మాట.

వాళ్లు మిషన్‌ను గడ్డపారతో పగలగొట్టారు. తెర పేలిన చప్పుడుకు వీధిలో ఒక్కో కొట్టు షట్టరే దిగడం మొదలైంది. అన్నను బయటికి ఈడ్చారు. ఏ చేత్తో ఆడినావురా అని అడిగారు. ఆ చేతిని గడప మీద పెట్టి తొక్కిపట్టి, మా కొట్టు షట్టరునే పైనుంచి దింపారు. నేను క్యారియర్‌తో ఒకడి వీపు మీద కొట్టాను. వాడు తిరిగి చూడకుండానే మోచేత్తో నెట్టేశాడు. రోడ్డు మీద పడ్డాను, అన్నమూ పప్పూ నా చీర మీద పడ్డాయి. ఆ వీధిలో అంతమంది ఉన్నారు. ఒక్కరూ కదల్లేదు.

జీపు వెళ్లాక టెంపో ఆయనకు కబురందింది. ఊళ్లోని ఆసుపత్రి దగ్గర ఇవతలాయన మనుషులు తిరుగుతున్నారని తెలిసి, అన్నను టెంపోలో పడుకోబెట్టుకుని జమ్మలమడుగు ఆసుపత్రికి తీసుకుపోయాడు. దారంతా నేను అన్న తల పట్టుకుని కూర్చున్నాను. చెయ్యి తీసేయకుండా కాపాడారు డాక్టర్లు. మూడు వేళ్లు మాత్రం మళ్లీ వంగవన్నారు.

రెండోరోజు ఆసుపత్రికి అవతలాయన వచ్చాడు. వెంట పెద్ద గుంపు, పేపరు విలేకరులు. ఆపిల్ పండ్ల బుట్ట మంచం మీద పెట్టి ఫోటో దిగాడు. మా నాన్న భుజం మీద చెయ్యి వేసి, మాస్టారూ మీ వెనక మేముండాం అన్నాడు. ఒక్క క్షణం నాకు ఏడుపొచ్చింది, ఒక మనిషైనా వచ్చాడు కదా అని. తర్వాత అతని మనిషి ఒకడు రాసి తెచ్చిన ఫిర్యాదు తీశాడు. అన్న సంతకం చేస్తే చాలట. నాన్న తీసుకుని చదివాడు. కొట్టినవాళ్ల పేర్లతో పాటు మేము ఎన్నడూ చూడని వాళ్ల పేర్లు ఉన్నాయి. చివర్లో టెంపో ఆయన పేరు ఉంది.

ఆ టెంపో ఆయన అప్పుడు ఆసుపత్రి వరండాలో నేల మీద పడుకుని ఉన్నాడు, ముందు రోజు నుంచి తిండి లేకుండా.

అన్న మంచం మీద నుంచే అన్నాడు. "ఆయప్ప నన్ను మోసుకొచ్చినోడు."

"మాకు తెల్దా ఏంది," అన్నాడు ఫిర్యాదు తెచ్చినవాడు, ఏమాత్రం సిగ్గుపడకుండా. "వాళ్లన్న ఇవతలోళ్లకు ఏజెంటుగా బూత్‌లో కూర్చుంటాండాడు. తమ్ముడు లోపలుంటే అన్న కూర్చోడు. అంతేలే, ఓట్లయినాంక మేమే ఇడిపిస్తాం."

"కొట్టినోళ్ల పేర్లు రాసుకోండి, యాడికొచ్చి అయినా చెప్తా. కొట్టనోని పేరు నా నోటెంట రాదు."

"అట్లయితే నీ చెయ్యి ఊరికే పొయినట్లే."

అన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు. అవతలాయన లేచి చొక్కా సర్దుకుని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. మరుసటి రోజు పేపర్లో మాత్రం ఫోటో వచ్చింది, అన్న కట్టు కట్టిన చెయ్యి, పక్కన ఆయన ముఖం.

నేనూ నాన్నా కలిసి పోలీసులకు చెప్పడానికి వెళ్లాం. నేను చూసింది చూసినట్టు చెప్పాను. అక్కడి అధికారి మర్యాదగానే విన్నాడు. వీధిలో ఇంకెవరైనా సాక్షి వస్తే బలంగా ఉంటుందన్నాడు. మేము బట్టల కొట్లన్నీ తిరిగాం. ఒకాయన ఆ రోజు ఊళ్లో లేనన్నాడు. ఒకాయన నిద్రపోతున్నానన్నాడు. మాకు పండగ బట్టలు ఏటా అమ్మే ముసలాయన చేతులు జోడించి, మా జోలికి రావద్దమ్మా అన్నాడు. వాళ్లకు భయం, నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన కోపం తగ్గదు.

తర్వాత ఇవతలాయన ఇంటి నుంచి నాన్నకు పిలుపు వచ్చింది. రాజీ. నాన్న ఒక్కడే వెళ్లాడు. తిరిగి వచ్చి, మిషన్ కరెంటు లోపం వల్ల పేలిందని, షట్టరు జారి చేతి మీద పడిందని రాసిన దాని మీద సంతకం పెట్టి వచ్చానని అమ్మతో చెప్పాడు. నేను వంటింట్లోంచి విన్నాను. బయటికి వచ్చి, ఎందుకు పెట్టావని అడిగాను. నాన్న నా ముఖం చూడలేదు.

"నువ్వు సాక్షివంట. కాలేజీకి ఏ దారిన పోతావో, ఏ బస్సు ఎక్కుతావో అంతా చెప్పినారు నాకు."

ఆ ఆదివారం గుడిలో పాస్టరు గారు క్షమ గురించి ప్రసంగించారు. మా వైపు చూస్తూనే చెప్పారు. ఎవరూ మమ్మల్ని క్షమాపణ అడగలేదు. అడగనిది ఎలా ఇస్తారు? ప్రసంగం మధ్యలో లేచి బయటికి వచ్చేశాను. నాన్నతో చాలా నెలలు మాట్లాడలేదు. నా కోసమే పెట్టాడు ఆ సంతకం, అందుకే ఇంకా కోపం.

అన్న ప్రొద్దుటూరు వదిలేశాడు. ఎర్రగుంట్లలో సిమెంటు లారీలు ఆగే చోట ఒక షెడ్డులో లారీల వైరింగు పని మొదలుపెట్టాడు. ఎడమ చేత్తో నేర్చుకున్నాడు. చిలమకూరు సిమెంటు ఫ్యాక్టరీ వైపు నుంచి వచ్చే లారీల దుమ్ములో, ముఖానికి గుడ్డ కట్టుకుని, హెడ్‌లైట్లు బాగుచేసేవాడు. ప్రొద్దుటూరులో పని పడితే టెంపో ఆయననే పంపేవాడు. తనెప్పుడూ వెళ్లేవాడు కాదు. తన పేరు ఇవతలాయన మనుషుల దగ్గర ఇంకా ఉందని, కనిపిస్తే వదలరని నమ్మేవాడు. మా అమ్మ పోయినప్పుడు కూడా, బట్టల కొట్ల వీధి తగలకుండా చుట్టు తిరిగి శ్మశానానికి వచ్చాడు.

కొన్నేళ్లకు నేను పులివెందులలో టీచరుగా చేరాను. ఆ రోజుల్లోనే ఒకటి జరిగింది. ఎన్నికల ముందు ఇవతలాయన పార్టీ మారాడు. అవతలాయన పార్టీలోనే చేరాడు. ఇద్దరూ ఒకే వేదిక మీద దండలు వేసుకుని, కౌగిలించుకుని, ప్రాంత అభివృద్ధి కోసం పాత విషయాలు మరిచిపోయామని చెప్పారు. ఎవరి పాత విషయాలు? ఎవరిని అడిగి మరిచిపోయారు?

ఆ పేపరు పట్టుకుని నేను ఎర్రగుంట్ల వెళ్లాను. అన్నకు ఆ సంగతి తెలుసు. తను ఇంకో వార్త చెప్పాడు. ఆ జపాను కంపెనీ ఆటపెట్టెలు చేయడం మానేసిందట. ఓడిపోయింది. ఇక నుంచి పగవాడి పెట్టెలో ఆడే ఆటలు తయారుచేసి బతుకుతుందట. ఏ పత్రికలోనో చదివాడు, అప్పటికి తనే చదువుకోగలిగేవాడు.

"వీళ్లూ అదే చేసినారు గదా," అన్నాను.

"అదే ఎట్లయితాది పాపా. వాళ్లు ఓడిపోయినామని ఒప్పుకున్యారు. మిషన్లు చేసేది ఆపినారు. ఈళ్లల్లో ఎవురు ఒప్పుకున్యారు, ఏమాపినారు?"

నేను తీసుకుపోయిన పేపరును అన్న నూనె చేతులు తుడుచుకోవడానికి వాడుకున్నాడు.

ఆ తర్వాత చాలా ఏళ్లకు మా బడికి కంప్యూటర్ల గది వచ్చింది. ప్రారంభానికి ముఖ్య అతిథి ఇవతలాయన. జుట్టు తెల్లబడింది, మనిషి కాస్త వంగాడు. తెల్ల చొక్కా మీద మడత కూడా లేదు. మైకు ముందు నిలబడి, తాను మొదటి నుంచీ యువకులకు సాంకేతిక విద్య అందాలని కోరుకునేవాణ్నని అన్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నా పక్కనున్న టీచర్లు కూడా కొట్టారు. హెడ్మాస్టరు నన్ను శాలువా కప్పమని ముందే చెప్పి ఉన్నాడు. పిలవగానే వెళ్లాను. శాలువా చేతిలో పట్టుకుని, కప్పకుండా, మైకు లేకుండానే అడిగాను.

"ప్రొద్దుటూరులో బట్టల కొట్ల వీధిలో వీడియో గేముల కొట్టు పెట్టుకున్నాయన చెల్లెల్ని సార్. షట్టరు కింద చెయ్యి నలిపించారు, గుర్తుందా?"

ఆయన భయపడలేదు, కోపం కూడా తెచ్చుకోలేదు. కళ్లు చిట్లించి, నిజంగానే గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాడు. వెనక్కి తిరిగి పక్కవాణ్ని అడిగాడు. ఆ పక్కవాడికీ తెలియదు.

"ఏ కొట్టమ్మా," అన్నాడు నాతో. "ఆ పొద్దుల్లో శానా జరిగినాయిలే."

శాలువా కుర్చీ మీద పెట్టి దిగి వచ్చేశాను. హెడ్మాస్టరు రెండు రోజులు నాతో మాట్లాడలేదు, మూడోరోజు నీకేమైనా పిచ్చా అని అడిగాడు. ఆ సంవత్సరం గడవకముందే నన్ను ఒక మారుమూల పల్లెకు మార్చారు. అది దాని వల్లేనని నేను రుజువు చేయలేను.

అన్నకు చెప్పాలా వద్దా అని చాలా ఆలోచించాను. చివరికి చెప్పాను. అప్పుడాయన ఒక లారీ కింద పడుకుని పనిచేస్తున్నాడు. పని ఆపకుండానే విన్నాడు. చివరి మాట చెప్పగానే బయటికి పాకి వచ్చి లేచి కూర్చున్నాడు. కొట్టిన రోజు కూడా ఆయన ముఖంలో అంత కోపం చూడలేదు నేను.

"గుర్తు లేదన్న్యాడా?"

"నటించలేదన్నా. నిజంగానే లేదు."

చేతిలో ఉన్న పానాను షెడ్డు రేకుకేసి కొట్టాడు. లారీ డ్రైవరు టీ గ్లాసుతో అట్లాగే నిలబడిపోయాడు.

"నాయన సంతకం పెట్టె. అమ్మను మట్టి చేసే పొద్దు దొంగ మాదిరి చుట్టు తిరిగి వస్తి. ఇన్నేండ్లు వాడు నన్ను ఎతుకుతాండాడనుకుంటి. వాని లెక్కలో నేను మనిషినే కాదు గదా పాపా."

ఓదార్చడానికి వెళ్లలేదు నేను. మా ఇద్దరికీ ఆ కోపం రావలసినదే. ఇరవై ఏళ్లు ఆలస్యంగా వచ్చింది, అంతే. కాసేపటికి ఆయన లేచి, పానా వెతుక్కుని, మళ్లీ లారీ కిందికి వెళ్లాడు. ఆ నెలలోనే సొంత పని మీద ప్రొద్దుటూరు వెళ్లి వచ్చాడని టెంపో ఆయన చెప్పాడు. ఏ వీధిలో తిరిగాడో, ఎవరిని చూశాడో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు.

పోయిన సంవత్సరం ఇవతలాయన చనిపోయాడు. పేపర్లో సగం పేజీ ఫోటో. పేదల పెన్నిధి అని రాశారు. నేనే పెద్ద టీచరుగా ఉన్న పల్లె బడికి మండలం ఆఫీసు నుంచి ఫోను వచ్చింది, సంతాపంగా మధ్యాహ్నం నుంచి బడి మూసేయమని. రాతపూర్వకంగా పంపితే మూస్తానని చెప్పి ఫోను పెట్టేశాను. అటువంటిది ఎవరూ పంపలేదు. పిల్లలు సెలవని సంచులు సర్దుకుంటున్నారు. కూర్చోమన్నాను. సాయంత్రం గంట కొట్టేదాకా లెక్కలు చెప్పాను.